ఉపగ్రహచిత్రములును స్వర్ణముఖీతీర పురాస్థలములును

ప్రసక్తమైన దాని అదర్శనమునకు పాణిని లోపమని పేరు పెట్టెను. అసలే లేకుండుట లోపము కాదు. ఉండవలసినచోట కనబడకుండుట లోపము. అంతటితో నాగక, ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకమగు కార్యము జరుగునని వేఱొక సూత్రమున ననుశాసించెను. అగ్నిచిత్ అను పదమును చూడుడు. ధాతువుపై వచ్చిన క్విప్ ప్రత్యయములో నొక్క వర్ణమైనను మిగులలేదు. అయినను దాని రాకకు సాక్షిగా తుగాగమపు తకారము పదాంతమున నిలిచియున్నది. ఆ తకారము లేకున్నచో అక్కడ నొక ప్రత్యయము వచ్చిపోయెనని మన మెఱుగము. ఇటుకలు పేర్చి అగ్నిచయనము చేసినవానిని చెప్పు శబ్దమే దీని కుదాహరణమగుట కాకతాళీయమే గాని, ప్రకృతమునకు మిక్కిలి యనుకూలించుచున్నది. ఏలయన, నేలలో గలిసిపోయిన యిటుకగోడను ఆకాశమునుండి కనుగొను విద్యనుగూర్చి యిందు వ్రాయదలచితిని.

ఈ విద్య ఉపగ్రహములకంటె పాతది. 1906లో ఇంగ్లండునందలి స్టోన్‌హెంజి శిలావలయమునకు బెలూనునుండి ఛాయాచిత్రములు తీసిరి. మొదటి మహాయుద్ధమునకు పిమ్మట క్రాఫర్డు అను పండితుడు విమానచిత్రములను పరిశీలించి, పైరులయందలి వర్ణభేదమునుబట్టి ప్రాచీననివేశముల గుఱుతింపవచ్చునని నిరూపించి, 1928లో వెసెక్సు ప్రాంతమునుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. దీనిలోని యుక్తి మన రైతులకు తెలియనిది కాదు. పూడిపోయిన కందకముమీద మన్ను లోతుగా నుండి తేమ నిలుచును గనుక పైరు ఏపుగా నెదుగును. పునాదిరాళ్ళమీద మన్ను పలుచన గనుక పైరు గిడసబారి ముందుగా నెండును. గట్టుపై నిలుచున్నవానికి అచ్చటచ్చట పచ్చదనపు హెచ్చుతగ్గులు మాత్రమే కనబడును. పైనుండి చూచువానికో, ఆ హెచ్చుతగ్గులే గీతలై, గీతలే గదులై, వీథులై కనబడును.

ఈజిప్టుదేశమున దేవతలకును మృతులకును రాతికట్టడములు. బ్రదికినవారికి, రాజులకైనను సరే, నైలునది ఒండ్రుమట్టితో చేసిన పచ్చియిటుకల యిండ్లు. అందుచేతనే పిరమిడులు నిలిచినవి, పట్టణములు మన్నైనవి. మట్టిలో గలిసిన మట్టిగోడను త్రవ్వకయే వేఱుచేసి చూచు టెట్లు? ఒండ్రుమట్టి యిటుక చుట్టునున్న యిసుకమంటికంటె బిగువైనది. తేమను వేఱువిధముగా పట్టియుంచును. ఈ భేదము మన కంటికి గోచరింపదు గాని, రక్తవర్ణమునకు ఆవలనున్న పరారుణకిరణములను గ్రహించు యంత్రమునకు గోచరించును. అలబామా విశ్వవిద్యాలయమున బోధించు సారా పార్కాక్ అను విదుషి యిట్టి చిత్రములను పరిశీలించి, పిరమిడులు కాదగినవి 17, సమాధులు వేయికి పైగా, నివేశములు మూడువేలకు పైగా గుఱుతించినట్లు 2011లో ప్రకటింపబడెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది టానిస్ పట్టణము. డెల్టాప్రాంతమున నేడు సాన్ అల్ హగర్ అనబడు ఆ దిబ్బమీద నడచువానికి మంటికుప్పలు తప్ప మఱేమియు కానరావు. చిత్రములందో, పట్టణమంతయు ఇండ్లతో, సందులతో, గీచిన పటమువలె నున్నది. ఫ్రెంచి పరిశోధకులు అచ్చట నొక యింటిని త్రవ్వి చూడగా గోడలు చిత్రములోని గీతలతో నించుమించుగా సరిపోయినవి.

ఆ సంఖ్యలను జూచి లోకము ఆశ్చర్యపడెను. కాని అవి సాధ్యములే కాని సిద్ధములు కావు. త్రవ్విచూడనిదే పిరమిడనరాదని ఈజిప్టు పురావస్తువేత్తలు చెప్పిన మాటయు న్యాయమే. ఆ విదుషియే మఱికొన్ని యేండ్లకు కెనడాదేశపు న్యూఫౌండ్లెండు ద్వీపమున పాయింట్ రోసీ అనుచోట, ఉపగ్రహచిత్రములనుబట్టి, ఉత్తరయూరపు నావికుల ప్రాచీననివాసము ఉండవచ్చునని ఊహించిరి. 2015, 2016 సంవత్సరములలో త్రవ్విరి. గోడయని తోచినదియు, ఇనుము కరగించిన పొయ్యి యని తోచినదియు ప్రకృతిసిద్ధములేయని తేలెను. పొగయని తలచినది మంచైనది. తమ యూహ ఫలింపలేదని తామే నివేదికలో వ్రాసియుంచుట ప్రశంసింపదగిన విషయము. మన శాసనపరిశోధనలో నొకమాఱు చెప్పిన తప్పును నలువదియేండ్లు మోయువారిని నేను చూచియున్నాను.

రాడారుచిత్రముల మార్గము వేఱు. 1981 నవంబరున కొలంబియా అంతరిక్షనౌకనుండి పంపిన రాడారుతరంగములు సహారాయెడారి తూర్పుభాగమున పొడియిసుకను చొచ్చి క్రిందనున్న నేలనుండి తిరిగివచ్చినవి. ఇసుకక్రింద పూర్వకాలపు నదీమార్గములు చిత్రములయం దగుపడెను. తరువాత పరిశోధకులు ఆ చోట్లకు పోయి చూడగా వాని దరిదాపుల ప్రాచీనశిలాయుధములు దొరకినవి. ఇటీవల, 2024లో, ఇమాన్ ఘోనైమ్ అను విదుషియు సహపరిశోధకులును రాడారుచిత్రములను, లోతునుండి తీసిన మంటినమూనాలను జోడించి, గీజానుండి లిష్టువఱకు 31 పిరమిడుల ప్రక్కగా నించుమించు 64 కిలోమీటర్ల పొడవున ఒక నైలుపాయ యొకప్పుడు పాఱినదని వెల్లడించిరి. ఎడారి యంచున పిరమిడులు బారులుతీరి యేల నిలిచినవను సందేహమునకు ఏఱే సమాధానము. రాళ్ళు పడవలమీద వచ్చినవి. చిత్రమునకు మంటినమూనా తోడుకాకున్న ఈ మాట ఊహగానే మిగిలియుండెడిది.

మఱి మన సీమలో ఈ విద్య కెంత చోటు గలదు?

ఇట్టి యుపగ్రహములు బయలుదేఱు తావు మన జిల్లాలోనే యున్నది. 2022లో జిల్లాల పునర్విభజనము జరిగి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరెను. 1988లో కక్ష్యను జేరిన మొదటి ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహము మాత్రము రష్యనుల రాకెట్టుతో బైకొనూరునుండి వెళ్ళినది. దాని చిత్రములో అతిసూక్ష్మమైన చుక్క 36 మీటర్లకు పైబడిన నేలకు సమానము. ఒక చిన్న దేవాలయము గర్భగృహమంటపములతో గూడ ఒకటి రెండు చుక్కలలో అణగిపోవును. 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి వెళ్ళిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వస్తువును చూపెను. 2019 నవంబరున వెళ్ళిన కార్టోశాట్-3 పావుమీటరు వస్తువును చూపగలదు. పదిమీటర్ల వ్యాసము గల శిలావలయము మొదటిదానిలో కానరాదు. రెండవదానిలో నాలుగుచుక్కల మసక. మూడవదానిలో నలువది చుక్కల వెడల్పున స్పష్టమైన వలయము. 2025 జూలై 30న ఇచ్చటినుండియే పోయిన నైసార్ ఉపగ్రహమున, సహారా యిసుకను చొచ్చిన తరంగమును బోలిన తరంగముతో పనిచేయు రాడారు గలదు. ఇస్రోవారి భువన్ అను చిత్రపటనిధి 2009నుండి ప్రజలకు తెఱవబడియున్నది. అందలి చిత్రములు కార్టోశాట్-3 వానియంత సూక్ష్మములు కాకపోయినను, ఊరి చెఱువును, గట్లను, దిబ్బలను గుఱుతుపట్టుటకు చాలును.

సాధనములు మనకు సమీపమున నున్నవి; నేల మాత్రము ఈజిప్టు నేల కాదు. అచ్చట నైలు తొలగిపోగా పట్టణములు పాడువడి, మరల నెవ్వరును కదలింపకుండ నిలిచిపోయినవి. ఇచ్చట స్వర్ణముఖి తీరమున జనము తీరమును విడువలేదు. పాతయింటిమీద క్రొత్తయిల్లు, పాతగుడిమీద క్రొత్తగుడి. ఏర్పేడు మండలములోని గుడిమల్లము దీనికి ముఖ్యదృష్టాంతము. పరశురామేశ్వరస్వామివారి లింగము క్రీస్తునకు పూర్వపు రెండవ ఒకటవ శతాబ్దులనాటిదని పలువురు పండితుల మతము. దీనిని ప్రపంచమునకు తెలియజేసినవారు టి. ఏ. గోపీనాథరావుగారు. 1973లో ఐ. కార్తికేయశర్మగారు పురావస్తుశాఖ పక్షమున అచ్చట త్రవ్వించినప్పుడు, నేడు నిలిచియున్న రాతిగుడిక్రింద పూర్వపు ఇటుకకట్టడముల జాడలు బయటపడెను. నిత్యము అభిషేకము జరుగుచున్న గర్భాలయముక్రింది యిటుకను ఏ యుపగ్రహము చూపగలదు? రేణిగుంట దగ్గఱ రాళ్ళకాలువ పరిసరములయందు ఎం. ఎల్. కె. మూర్తిగారు కనుగొని 1968లో ప్రకటించిన శిలాయుధములును అట్టివే. వ్రేలెడంతయైన లేని రాతిపలుగును వెదకుటకు నేలపై వంగి నడచు మనుష్యుని కన్నే కావలెను.

తడినేలలో రాడారు చొరదు. వరిమడిని ఏటేట దమ్ముచేయుటవలన పైమన్ను ఏకమై, పైరు చూపవలసిన గుఱుతు చెడును. కనుక ఈజిప్టునందు సిద్ధించిన ఫలములను తలచుకొని స్వర్ణముఖి మాగాణిలో టానిస్ పట్టణమును వెదకుట వ్యర్థము. మెట్టభూములయందును, గుట్టలవాలులందును, ఎండిన చెఱువుగర్భములందును మాత్రము ఆశ గలదు.

చిత్తూరు జిల్లా పడమటిభాగమున, పలమనేరు ప్రాంతమున, జనులు పాండవుల గుళ్ళని వ్యవహరించు శిలాసమాధులు గలవు. నిలువుబండలు నాలుగు, పైన నొక మూతబండ, చుట్టును రాతివలయము. ఇవి ఇనుపయుగపు జనుల సమాధులు. పాండవులకును వీనికిని సంబంధము లేదు. కాని ఆ పేరే యింతకాలము వీనిని కొంతవఱకు రక్షించినదని మఱువరాదు. సాగులేని బోడినేలమీద నుండుటచేత ఇవి పైనుండి చక్కగా కనబడదగినవి. ఈ ప్రాంతముననే గ్రానైటురాతి గనులును హెచ్చు. నిలువుబండ సమాధికి కావలసిన రాయి యెక్కడ దొరకునో, గనికి కావలసిన రాయియు అక్కడనే దొరకును. ఈజిప్టునందు 2002 మొదలు 2013 వఱకు వరుసగా తీసిన చిత్రములను పోల్చి, ఏ యేట ఎన్ని దొంగగోతులు త్రవ్వబడెనో పార్కాక్ మొదలగువారు లెక్కించి 2016లో ప్రకటించిరి. వేయికి పైబడిన స్థలములను వారు పరీక్షించిరి. ఏటేటి చిత్రములను పోల్చు ఆ పద్ధతియే మన పాండవుల గుళ్ళకును వర్తింపజేయదగును. ఒక వలయము ఏ సంవత్సరపు చిత్రమువఱకు నున్నది, ఏ సంవత్సరమునుండి లేదు అను మాట చెప్పుటకు ఇంతకంటె నిష్పక్షపాతియైన సాక్షి లేడు.

ఇచ్చట నా యవివేకమొకటి చెప్పుకొనక తప్పదు. నాలుగేండ్ల క్రిందట నా శిష్యుడొకడు భువన్ చిత్రమును తెఱచి చూపగా, ఒక మెట్టచేనిలో చక్కని వలయము నాకంట బడెను. కొలిచితిమి, సమాధివలయమునకు తగిన కొలత. ఆ రాత్రియే నేను మనసులో సగము వ్యాసము వ్రాసికొంటిని. మఱునాడు ఎండలో మూడు మైళ్ళు నడచి పోగా రాయి లేదు, కుండపెంకు లేదు. నేలమాత్రము గుండ్రముగా గట్టిపడియున్నది. చేనిలో కలుపుదీయుచున్న యొక ముసలమ్మ మా వెదకులాట చాలసేపు చూచి, "ఏమి సామీ, ఏమి పారేసుకొంటిరి?" అనెను. చెప్పితిమి. ఆమె నవ్వి, తన మామగారి కాలమున అది చెఱకుగానుగ నిలిచిన తావనియు, ఎద్దులు తిరిగి తిరిగి నేల రాయివలె గట్టిపడెననియు, నేటికిని అచ్చట వేరుసెనగ సరిగా నెదుగదనియు చెప్పెను. ఎద్దులు పోయినవి, గానుగ పోయినది, బెల్లపుపొయ్యి పోయినది. తన్నిమిత్తకమైన కార్యము మాత్రము జరుగుచునే యున్నది. సూత్రము సరియే, ఏ ప్రత్యయము లోపించెనో నేను తప్పుగా నూహించితిని. ముసలమ్మను ముందే యడిగియున్న ఎండ తప్పియుండెడిది.

చిత్రము లోపమును చూపును గాని లోపించినదాని పేరు చెప్పదు. ఆ పేరు చెప్పవలసినవి మన సీమలో రెండు గలవు: గ్రామస్థుల మాట, శాసనము. గ్రామస్థులు పాటిదిబ్బ యనుచోట బూడిదమన్ను, పెంకులు కనబడుట తఱచు. ఆ పాటిమన్ను పైరునకు బలమని బండ్లతో తోలుకొనిపోవుట చిరకాలపు వాడుక. ఒకప్పుడు బండి, ఇప్పుడు ట్రాక్టరు. పాతూరు అను పేరు గల పొలములను విచారింపవలెను. పాడు అను పదాంతము మాత్రము ఊరికే పాడుపడిన యూరని భ్రమింపరాదు. నివేశార్థకమైన పాడుశబ్దము వేఱుగా గలదు. పేరొక్కటే ప్రమాణమైనచో జిల్లాలో సగము శిథిలమనవలసివచ్చును.

ఇక శాసనములు. తిరుమల తిరుపతి దేవస్థానమువారి శాసనములు వేయికి మించినవి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పరిశ్రమవలన 1930వ దశకమున సంపుటములుగా వెలువడినవి. అందు హెచ్చుభాగము తమిళభాషలో నున్నవి. తెలుగు, కన్నడము, సంస్కృతము కొన్ని. సాళువనరసింహుని కాలమునుండి దాతలు స్వామికి సమర్పించిన ద్రవ్యమును తిరువిడైయాట్టమనబడు దేవగ్రామములలో చెఱువులు త్రవ్వించుటకును, కాలువలు తీయించుటకును వినియోగించి, అందువలన పెరిగిన పంటనుండి దాతపేర నైవేద్యము నడుపునట్లు ఏర్పాటుచేసిరి. చెఱువు పూడినచో నైవేద్యమునకు మూలము పోవును గనుక శాసనమున ఊరిపేరును, పనియు స్పష్టముగా చెప్పవలసివచ్చినది. భూదానశాసనములలో సామాన్యముగా ఎల్లలును చెప్పబడును: తూర్పున ఫలానా చెఱువుకట్ట, దక్షిణమున పుట్ట, పడమట వాగు, ఉత్తరమున తిరువాళిక్కల్ అనబడు చక్రాంకితశిల.

ఈ యెల్లలను మనము ఇన్నాళ్ళును వంశావళులకు, బిరుదములకు పనికిరాని భాగమని త్రోసి చదివితిమి. నేనును అట్లే చదివినవాడను. ఇప్పుడు ఆ త్రోసివేసిన వాక్యములే ఉపగ్రహచిత్రమునకు వ్యాఖ్యానములు. తెగిన కట్ట నూఱేండ్లు గడచినను వంకరగీతవలె పైనుండి కనబడును. పూడిన కాలువ వేసవిలో పచ్చని చాఱవలె కనబడును. గీత యొక్కటే కనబడిన అది ఎవరి కట్టయో తెలియదు. శాసన మొక్కటే చదివిన ఆ కట్ట యెక్కడనో తెలియదు. రెండును కలిసినచోట సాళువుల కాలపు నీటిపాఱుదల చరిత్రము గ్రామముగ్రామమునకు వ్రాయవచ్చును. బెంగుళూరునందలి జాతీయోన్నతాధ్యయనసంస్థలో ఎం. బి. రజనిగారు నలందాది స్థలములను ఉపగ్రహచిత్రములతో పరిశీలించి, త్రవ్వి చూపబడిన భాగమునకు వెలుపలగూడ మహావిహారపు జాడలు విస్తరించియున్నవని తెలిపిరి. అచ్చటను చిత్రములతోబాటు ప్రాచీనుల వ్రాతలు, పాతపటములు తోడ్పడినవే. చంద్రగిరిని ఈ విధముగా చూడవలెనని నా కోరిక. అఱవీటివారి రాజధానియై, 1639నాటి చెన్నపట్టణపు దానముతో ప్రసక్తమైన ఆ దుర్గములో రాజమహలు, రాణిమహలు నిలిచియున్నవి. రాజపరివారమంతయు ఆ రెండిండ్లలోనే కాపురముండెనా? హంపీయందువలె కొయ్యతో కట్టిన పైభాగములు నశించి, రాతిపీఠములు మంటిక్రింద నున్నవేమో. వేసవిచిత్రములు చూడదగినవి.

పాతచిత్రములు మఱియు ముఖ్యములు. 1960 మొదలు 1972 వఱకు అమెరికావారు గూఢచర్యార్థము కొరోనా ఉపగ్రహములతో తీసిన చిత్రములు, ఎనిమిదిలక్షల అఱువదివేలకు పైబడినవి, 1995లో రహస్యము తొలగించి బయటపెట్టబడెను. వానిలో మేలైనవి రెండుమీటర్ల వస్తువును చూపును. తిరుపతి యిప్పటియంత కాకమునుపు, గొట్టపుబావులు వ్యాపింపకమునుపు, యంత్రములు మెట్టలను చదునుచేయకమునుపు ఈ నేల యెట్లుండెనో ఆ యేండ్ల చిత్రములలో చూడవలెను. నేటి చిత్రములో లేని దిబ్బ అందుండవచ్చును.

పాణిని మరల ఒక నిషేధమును చెప్పెను. లుక్, శ్లు, లుప్ అను శబ్దములతో లోపము విహితమైనచోట అంగమునకు ప్రత్యయనిమిత్తకమైన కార్యము జరుగదు. లోపములన్నియు ఒకటి కావు. కొన్ని గుఱుతు మిగుల్చును, కొన్ని మిగులనీయవు. వానయు, కాలమును, నాగలియు చేయునది మొదటి జాతి. జె.సి.బి. యంత్రముతో రెండుమీటర్ల మన్నెత్తి ఇండ్లస్థలములు పఱచునది రెండవ జాతి. ఆపై ఏ చిత్రమును, ఏ వ్యాఖ్యానమును పనికిరావు.

గ్రామములందున్న పండితులును ఉపాధ్యాయులును తమ యూరి శాసనములోని యెల్లవాక్యమును యథామాతృకగా వ్రాసి, అందలి చెఱువు, కాలువ, ఎల్లరాయి నేడు ఏ పేరుతో, ఏ సర్వేసంఖ్యలో నున్నవో యెఱిగినంతవఱకు చేర్చి, పాటిదిబ్బ గాని పాండవుల గుడి గాని యున్నచో దాని కొలతలతో ఈ పత్రికకు పంపుదురేని, వానిని చిత్రములతో పోల్చుపనికి నా శిష్యుడు పూనుకొనియున్నాడు. పంపుటకు ముందు ఊరిలోని ముసలివారి నొకమాఱు విచారించి, గానుగతావులు వేఱుచేసి పంప ప్రార్థన.